మానని కాలి పుండు: కొత్త కండ పుట్టించే చికిత్సల సత్తా ఎంత?

కాలి పుండుకు నాలుగు వారాలు సరైన వైద్యం చేసినా దాని వైశాల్యం సగానికి తగ్గలేదంటే, అది తనంతట తాను మానే దారిలో లేదని అర్థం. మధుమేహం ఉన్నవారి పాదాల పుండ్లను వారం వారం కొలిచి చూసిన ఒక అమెరికా పరిశోధన 2003లో వెలువడింది. నాలుగు వారాల్లో సగానికి పైగా పూడిన పుండ్లలో 58 శాతం పన్నెండు వారాలకల్లా పూర్తిగా మానాయి. అంతగా పూడనివాటిలో మానినవి 9 శాతమే. ఇది తెలియడానికి స్కానింగు అక్కర్లేదు, పది రూపాయల స్కేలు చాలు. అయినా నెలల తరబడి అదే మందు, అదే కట్టు మారుస్తూ ఉండిపోయేవాళ్ళు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తక్కువేమీ కాదు. పుండు పొడవు, వెడల్పు కాగితం మీద రాసి ఉంచేవాళ్ళు మాత్రం తక్కువ.

ఇలా మొండికేసిన పుండు దగ్గరే ఇప్పుడు కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. పీఆర్‌పీ (రోగి రక్తంలోంచే తీసిన, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగం), గ్రోత్ ఫ్యాక్టర్ జెల్, కొల్లాజెన్ (చర్మానికి అల్లికనిచ్చే ప్రొటీన్) షీటు, ఉమ్మనీటి సంచి పొర, చేప చర్మం, మూలకణాలు. అన్నిటినీ కలిపి రీజెనరేటివ్ చికిత్సలు, అంటే కొత్త కండ పుట్టించే చికిత్సలంటున్నారు. వీటిలో పనిచేసేవి ఉన్నాయి, ఇంకా తేలనివి ఉన్నాయి, ఆస్పత్రి ప్రకటనల్లో తప్ప ఎక్కడా రుజువు కానివీ ఉన్నాయి. అయితే ఏది ఎంత పనిచేస్తుందన్న ప్రశ్నకు ముందు అడగాల్సింది మరొకటి ఉంది: ఈ పుండు అసలు ఎందుకు మానడం లేదు?

మామూలు గాయం ఒక వరసలో మానుతుంది. ముందు ప్లేట్‌లెట్లు గుమిగూడి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి, తమలో దాచుకున్న సంకేత రసాయనాలను వదులుతాయి. అవి అందుకుని తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కండను తినేస్తాయి. ఆ తర్వాత కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, కొల్లాజెన్ పేరుకుంటుంది, ఎర్రటి కొత్త కండ పడుతుంది, అంచుల నుంచి చర్మం పాకి వచ్చి మూసేస్తుంది. మొండి పుండు ఈ వరసలో రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు పని ముగించుకుని వెళ్ళవు. అవి వదిలే ఎంజైములు కుళ్ళునే కాదు, కొత్తగా అల్లుకుంటున్న కొల్లాజెన్‌నూ, కండ పుట్టమని చెప్పే గ్రోత్ ఫ్యాక్టర్లనూ కోసి పారేస్తాయి. పైగా సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి, యాంటీబయాటిక్ మాత్రలు వాటిని అంత తేలిగ్గా చేరలేవు. పుండు అంచునున్న కణాలు కూడా ముసలివై విభజన మానేస్తాయి.

రీజెనరేటివ్ చికిత్సల ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. సంకేతాలు కొరవడితే సంకేతాలు పోయాలి, అదే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్, పీఆర్‌పీ. అల్లుకోవడానికి ఆధారం లేకపోతే ఆధారం పరచాలి, అదే కొల్లాజెన్, చేప చర్మం, ఉమ్మనీటి పొర. కణాలే అలసిపోతే కొత్త కణాలను తేవాలి, అదే ప్రయోగశాలలో పెంచిన చర్మం, మూలకణాలు. తర్కంలో లోపం లేదు. కానీ బయట నుంచి పోసిన గ్రోత్ ఫ్యాక్టర్‌ను కూడా ఆ ఎంజైములు కోసేయగలవు. అందుకే చచ్చిన కండను, జిగురు పొరను బ్లేడుతో గీకి తీసేయడం ప్రతి చికిత్సకూ ముందు మెట్టు. వైద్యులు దీన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. రక్తం కనిపించే దాకా గీకుతారు కనుక ఇంటివాళ్ళు భయపడతారు, పుండును పెద్దది చేశారని గొడవ పడతారు. ఆ గీకుడు లేకుండా వేసే ఖరీదైన జెల్ చాలావరకు దండగ.

పనిలో పనిగా మన ఇళ్ళల్లో బాగా పాతుకుపోయిన రెండు నమ్మకాల సంగతి. పప్పు తింటే చీము పడుతుందని పుండున్నవారికి పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి చారన్నంతో సరిపెడతారు. కొల్లాజెన్ తయారయ్యేదే మాంసకృత్తులతో. పత్యం పేరుతో వాటిని మాన్పించి, ఆనక కొల్లాజెన్ షీటు కొనడం విడ్డూరం. (కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఎంత తినాలో వైద్యులే చెప్పాలి.) రెండోది, పుండు ఎండితేనే మానుతుందన్నది. పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, తేమగా కప్పి ఉంచిన గాయాలపై చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకిందని 1962లోనే జార్జ్ వింటర్ చూపించాడు. పుండు నానకూడదు, ఎండిపోనూ కూడదు. పైన పక్కు కట్టించే పసుపు పొడి, ఆకు పసరు ఆ తేమను చెడగొట్టడమే కాదు, లోపల చీమును కప్పిపెడతాయి.

ఒకే మందు అన్ని పుండ్లకూ ఎందుకు పనికిరాదు?

చీలమండకు కాస్త పైన, లోపలి వైపు, చుట్టూ చర్మం నల్లబడి, రసి కారుతూ ఉండే పుండు సాధారణంగా సిరలది. పిక్కలోంచి పైకి పోవాల్సిన చెడు రక్తం కవాటాలు పాడై కిందికే దిగజారుతుంటుంది. గంటల తరబడి నిలబడే పనులు చేసేవారికి ఇది తెలిసిన బాధే: హోటల్ వంటవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, బట్టల కొట్లలో అమ్మకందార్లు. తిరుపతి యాత్రికుల మీద బతికే ఊరు కనుక ఇలాంటి కొలువులకు ఇక్కడ కొదవ లేదు. ఈ పుండుకు ప్రధాన వైద్యం పుండు మీద కాదు, కాలి చుట్టూ ఉంటుంది. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉండి పైకి వెళ్ళేకొద్దీ తగ్గేలా పొరలు పొరలుగా కట్టు కట్టాలి. చెడిన సిరను లేజరుతోనో, రేడియో ఫ్రీక్వెన్సీతోనో, నురుగు ఇంజెక్షన్‌తోనో మూసేయాలి. బ్రిటన్‌లో 450 మందిపై జరిగి 2018లో వెలువడిన ఎవ్రా పరిశోధనలో, కట్టుతోపాటు సిరను వెంటనే మూసినవారికి పుండు మానడానికి సగటున 56 రోజులు పట్టింది. సిర సంగతి తర్వాత చూద్దామని ముందు కట్టుతోనే సరిపెట్టినవారికి 82 రోజులు. ఏ జెల్ కూడా సిర చికిత్స స్థానాన్ని భర్తీ చేయదు.

వేళ్ళ కొసల్లోనో, మడమ అంచునో, ఎండినట్టుగా, విపరీతమైన నొప్పితో ఉండే పుండు ధమనులది. కొంతదూరం నడవగానే పిక్క పట్టేయడం, రాత్రి కాలు మంచం కిందికి వేలాడేస్తే గాని నొప్పి తగ్గకపోవడం దీని గుర్తులు. బీడీ, సిగరెట్టు, షుగరు దీని పెంపకందార్లు. చేతి, కాలి రక్తపోట్లను పోల్చే చిన్న పరీక్షలో నిష్పత్తి 0.9 కంటే తక్కువ వస్తే ధమని మూసుకుపోతున్నట్టు. షుగరు ఎక్కువ కాలంగా ఉన్నవారిలో ధమనులు సున్నం పట్టి గట్టిపడతాయి కనుక ఈ లెక్క తప్పుగా బాగున్నట్టు చూపిస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి పీడనం కొలవాలి, అది 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే పుండు మానే అవకాశం బాగా తక్కువ. ఇలాంటి కాలికి ముందు బెలూను, స్టెంటు లేదా బైపాస్‌తో రక్తం పారించాలి. చిత్తూరు రైతుకు ఈ సంగతి చెప్పడం తేలిక: బోరులో నీళ్ళు లేనప్పుడు ఎంత ఖరీదైన మోటారు బిగించినా మామిడి తోట తడవదు. ఈ కాలికే పొరపాటున సిరల పుండు కట్టు బిగిస్తే వేళ్ళు నల్లబడతాయి, కాబట్టి కట్టుకు ముందు ధమని పరీక్ష తప్పనిసరి.

మూడోది అరికాలి పుండు. నొప్పి ఉండదు, అదే దాని ప్రమాదం. షుగరు వల్ల నరాలు మొద్దుబారి, వేళ్ళు వంకర తిరిగి, చెమట ఆగి చర్మం పగులుతుంది. బొటనవేలి కింద ఆనెకాయ లేస్తుంది, దాని అడుగున రక్తం చిమ్మి పుండవుతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. షుగరు ఉన్నవారిలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదం పుండు వచ్చేవారు 19 నుంచి 34 శాతం. ఈ ప్రాంతానికి మరొకటి తోడవుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అన్నీ చెప్పులు లేకుండా ఎక్కడమే ఆచారం. మెట్ల మీద, మాడ వీధుల్లో రాతి పరుపు ఎండకు ఎంత కాలుతుందో, స్పర్శ ఉన్నవాడు గంతులేస్తూ నీడకు పరిగెడతాడు. స్పర్శ లేనివాడు నిదానంగా నడుస్తాడు, ఇంటికెళ్ళాక బొబ్బ చూసుకుంటాడు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో అరికాలిని తాకించి చూస్తే స్పర్శ ఉందో లేదో నిమిషంలో తేలుతుంది. మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరే ముందు షుగరు రోగి చేయించుకోవాల్సిన పరీక్ష ఇదే. స్పర్శ పోయిందని తేలితే కొండ బస్సెక్కడం మేలు.

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

గ్రోత్ ఫ్యాక్టర్లలో పాతది బెకాప్లెర్మిన్ జెల్. ప్లేట్‌లెట్లలో దొరికే పీడీజీఎఫ్ అనే ప్రొటీన్‌ను జన్యు సాంకేతికతతో తయారు చేసి, 1997లో అమెరికాలో అనుమతి పొందారు. కీలక ప్రయోగంలో 20 వారాలకు ఈ జెల్ వాడినవారిలో 50 శాతం మందికి, ఉత్త జెల్ వాడినవారిలో 35 శాతం మందికి పుండు మానింది. అంటే ఆ 50 మందిలో 35 మందికి జెల్ లేకపోయినా మానేదే. ఎక్కువ ట్యూబులు వాడినవారిలో క్యాన్సర్ మరణాలు పెరిగాయన్న అనుమానంతో 2008లో పెట్టిన తీవ్ర హెచ్చరికను తర్వాతి ఏళ్ళ సమాచారం చూసి తొలగించారు. ఏళ్ళ తరబడి ఉన్న పుండు అంచులు పువ్వులా లేస్తే మాత్రం అది క్యాన్సర్‌గా మారి ఉండొచ్చు, ముక్క పరీక్ష చేయకుండా దాని మీద ఏ గ్రోత్ ఫ్యాక్టరూ పూయకూడదు. ఈజీఎఫ్ అనే మరో రకం జెల్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేస్తోంది. బెకాప్లెర్మిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో మందుల షాపు నుంచి ఊరికి తీసుకెళ్ళే సంచీలోనే దాని సత్తా కొంత పోవచ్చన్న ధ్యాస కొనేవారికి ఉండాలి.

పీఆర్‌పీ దీనికి చవకైన చుట్టం. రోగి రక్తమే తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి పుండు మీద వేస్తారు. రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం కలపకుండా ఒకే విడత తిప్పితే మెత్తటి పొరలా వచ్చేదాన్ని పీఆర్‌ఎఫ్ అంటారు, 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ బృందం దీన్ని పరిచయం చేసింది. మన దేశంలో చర్మవ్యాధుల విభాగాలు కుష్ఠు వల్ల వచ్చిన అరికాలి పుండ్లకు దీన్ని బాగానే వాడి చూశాయి, కాని అవన్నీ కొద్దిమంది రోగులపై చేసినవి. వైద్య ప్రయోగాలను కలిపి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2016 నాటి సమీక్ష 10 ప్రయోగాలను, 442 మందిని కలిపి చూసి, మధుమేహ పాదాల్లో మేలు ఉండొచ్చు గాని ఆధారం బలహీనమని, సిరల పుండ్లలో ఏమీ తేలలేదని చెప్పింది. ఎవరి సెంట్రిఫ్యూజ్ ఎంత వేగంతో తిరుగుతుందో, ఎంత రక్తం తీస్తారో, ఎన్నాళ్ళకోసారి వేస్తారో ఒక్కో చోట ఒక్కో తీరు. పేరు ఒక్కటే అయినా మందు ఒక్కటి కాదు.

ఈ కోవలో గట్టి ఆధారం ఉన్నది తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగులు) కలిసి బిళ్ళలా ఏర్పడే ల్యూకోప్యాచ్‌కు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో 269 మందిపై చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో 20 వారాలకు 34 శాతం మందికి పుండు మానింది, మామూలు వైద్యంలో 22 శాతానికి. ముందు నాలుగు వారాలు మంచి వైద్యం చేసి, సగం పూడని పుండ్లనే ఇందులోకి తీసుకున్నారు కనుక ఇది నిజంగా మొండి పుండ్ల మీద వచ్చిన ఫలితం. మధుమేహ పాదంపై అంతర్జాతీయ కార్యబృందం 2023 మార్గదర్శకాల్లో మామూలు పీఆర్‌పీని, గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌ను వాడొద్దని చెప్పి, ఈ బిళ్ళను మాత్రం వసతులున్న చోట, మిగతావన్నీ విఫలమయ్యాక ఆలోచించమంది. మన దగ్గర బోర్డుల మీద ఎక్కువ కనిపించేది మామూలు పీఆర్‌పీయే.

ఆధారంగా పరిచే పొరల సంగతి కాస్త మెరుగు. సిజేరియన్ కాన్పుల్లో దానంగా తీసుకున్న ఉమ్మనీటి పొరను పరీక్షించి, వికిరణంతో శుద్ధి చేసి నిల్వ ఉంచుతారు, ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి కణజాల బ్యాంకు ఈ పని దశాబ్దాలుగా చేస్తోంది. తిరుపతికి మూడు నాలుగు గంటల దూరంలోని చెన్నైలో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ జంతు చర్మం నుంచి కొల్లాజెన్ పట్టీలు రూపొందించింది. ఐస్లాండ్ వాళ్ళు కాడ్ చేప చర్మంతో చేసిన పొరపై, లోతైన మధుమేహ పుండ్లలో జరిగిన ప్రయోగంలో 16 వారాలకు 44 శాతం పుండ్లు మానాయి, మామూలు వైద్యంతో 26 శాతం. ఇక సొంత తొడ చర్మాన్ని పలుచగా తీసి అతికించే పాత పద్ధతిని ఈ జాబితాలో ఎవరూ చేర్చరు గాని, నిజమైన సజీవ కణాలను తెచ్చి పెట్టేది అదీను. ఎర్రటి కండ బాగా పడిన పెద్ద పుండుకు దాన్ని మించింది ఇప్పటికీ లేదు.

మూలకణాల విషయంలో గట్టిగా మాట్లాడాలి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడిని మినహాయిస్తే, మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగంలో తప్ప వాడరాదని 2017 జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. తర్వాత దారి తెరుచుకున్న మినహాయింపు ఒకటుంది: బెంగళూరు కంపెనీ స్టెమ్‌ప్యూటిక్స్ దాతల మజ్జ కణాలతో చేసిన మందు, కాలి ధమనులు తీవ్రంగా మూసుకుపోయిన స్థితికి. అది కూడా అన్ని పుండ్లకూ కాదు. పొట్ట కొవ్వు తీసి అక్కడికక్కడే మూలకణాలు ఎక్కిస్తామని లక్షలు అడిగేవారిని, ఏ ప్రయోగం కింద, ఏ నైతిక కమిటీ అనుమతితో అని అడగడం రోగి హక్కు. నిజమైన ప్రయోగంలో మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. తొందరపాటు అనుమతులు ఎలా బెడిసికొడతాయో జపాన్ చూసింది. కాలి పుండ్ల కోసం 2019లో షరతులతో అనుమతించిన ఒక జన్యు చికిత్స 2024లో మార్కెట్ నుంచి వెనక్కి వెళ్ళింది.

వేలూరులో తేలిన సంగతి

చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. కుష్ఠు రోగుల పాదాలు రోగం తినేసి కుళ్ళిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. కండ మామూలు కండే, నొప్పి తెలియక అదే పుండు మీద నడుస్తున్నందువల్లే మానడం లేదని ఆయన చూపించాడు. పాదానికి ఒదిగిపోయేలా మోకాలి దిగువ వరకు ప్లాస్టర్ కట్టేస్తే బరువు అంతటా సర్దుకుని, పుండు కట్టు లోపలే మానిపోతుంది. ప్లాస్టర్ ఆలోచన 1930ల్లోనే మన దేశంలో, శ్రీలంకలో మొదలైంది, దాన్ని పద్ధతిగా మార్చి 1960ల్లో అమెరికాకు తీసుకెళ్ళి షుగరు రోగులకు దారి చూపింది బ్రాండ్. 2001లో ప్రచురితమైన ప్రయోగంలో పన్నెండు వారాలకు ఈ ప్లాస్టర్‌తో 89.5 శాతం పుండ్లు మానాయి. విప్పుకునే వీలున్న బూటుతో 65 శాతం, బరువు మడమ మీదే పడేలా చేసే సగం చెప్పుతో 58 శాతం. తేడా అంతా విప్పుకోగలగడంలోనే ఉంది, రోగి రాత్రి బాత్రూముకు విప్పి వెళతాడు.

ఈ 89.5నూ ల్యూకోప్యాచ్ 34నూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. మొదటి ప్రయోగంలో రక్త ప్రసరణ బాగున్న, చీము లేని పుండ్లే ఉన్నాయి, రెండోదాంట్లో అప్పటికే మొండికేసినవి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం ఈ అంకెలు తేల్చేస్తున్నాయి. బరువు తప్పించని అరికాలి మీద పూసిన ఏ జెల్ అయినా, రోగి వేసే ప్రతి అడుగుతోనూ ఓడిపోతుంది. ఇంత పనిచేసే ప్లాస్టర్‌ను అమెరికాలోనే ఎక్కువ మంది రోగులకు వాడుతున్న కేంద్రాలు రెండు శాతం లోపేనని 2008లో ఒక సర్వే బయటపెట్టింది. వేయడానికి చేయి తిరిగినవారు కావాలి, వారం వారం మార్చాలి, లోపల పుండు కనిపించదు కనుక గుండె దిటవు కావాలి. పైగా అమ్మడానికి అందులో ఏమీ లేదు.

అమ్మడానికి ఉన్నదాని సంగతీ అమెరికాలోనే తేలింది. చర్మ ప్రత్యామ్నాయ పొరలపై అక్కడ ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఖర్చు 2019లో 25 కోట్ల డాలర్ల చిల్లర, 2024 నాటికి వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. పుండ్లేమీ అన్ని రెట్లు పెరగలేదు. చివరికి 2026 నుంచి చదరపు సెంటీమీటరుకు సుమారు 127 డాలర్లని ఒకే ధర కట్టాల్సి వచ్చింది. మన దగ్గర ఇంకా ఈ స్థాయి రాలేదు, కానీ ధోరణి మొదలైంది.

ఇక్కడి ఇబ్బంది వేరే చోట ఉంది. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆస్పత్రి, ఎముకల శస్త్రచికిత్సకూ కృత్రిమ అవయవాలకూ బర్డ్ ఉన్నాయి. చిత్తూరు వైపు వారికి వేలూరు దగ్గర. నిపుణులు లేక కాదు, రాకపోకలే భారం. పన్నెండు పదహారు వారాలు వారానికోసారి పలమనేరు నుంచో, సత్యవేడు నుంచో రావాలంటే బస్సు చార్జీ, తోడు వచ్చే కొడుకు కూలి, మధ్యాహ్నం భోజనం కలిపి చూస్తే మందు ఖర్చును మించిపోవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య పథకాలకు ఒక్కసారి చేసే ఆపరేషన్‌ను ప్యాకేజీగా లెక్కకట్టడం తేలిక, వేలు తీసేయడమూ అందులోకి సులువుగా ఇమిడిపోతుంది. నాలుగు నెలల కట్లు, గీకుళ్ళు, ప్లాస్టర్ మార్పులు ఆ లెక్కలో ఒదగవు. మండల స్థాయి ఆస్పత్రిలో ఒక నర్సుకు పుండు కొలవడం, మోనోఫిలమెంట్ పరీక్ష, పొరల కట్టు నేర్పి, నాలుగు వారాలకు సగం పూడనివారినే తిరుపతికి పంపే ఏర్పాటు ఉంటే, రీజెనరేటివ్ చికిత్స నిజంగా అవసరమైన కొద్దిమందికే, సరైన సమయంలో అందుతుంది. అంతమందికే అయితే పీఆర్‌ఎఫ్ సెంట్రిఫ్యూజ్ ఒక్కటి జిల్లా ఆస్పత్రిలో పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

మానిన తర్వాతి మాట కూడా ఉంది, దాన్ని ఏ కొత్త చికిత్స ప్రకటనా ఎత్తదు. మధుమేహ పాదాల పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే, 60 శాతం మూడేళ్ళలోపు తిరగబెడతాయి. కొత్త కండ ఎంత బాగా పుట్టినా నరాల్లో స్పర్శ తిరిగి రాలేదు, వేళ్ళ వంకర పోలేదు. అందుకే కుష్ఠు కార్యక్రమాల్లో ఇచ్చే ఎంసీఆర్ (సన్నటి గాలి రంధ్రాలుండే ఒక రబ్బరు) మెత్త అడుగు చెప్పులు షుగరు రోగికీ ఇంట్లో, బయటా రెండు చోట్లా కావాలి. వెనక పట్టీ ఉండాలి, బొటనవేలి సందులో దూరే పట్టీ ఉండకూడదు. రోజూ రాత్రి అరికాలిని అద్దంలో చూసుకోవాలి, కళ్ళు సరిగా కనిపించకపోతే ఇంట్లోవాళ్ళు చూడాలి. ఆనెకాయ మళ్ళీ లేస్తే బ్లేడుతో సొంతంగా కోసుకోకుండా ఆస్పత్రిలో తీయించుకోవాలి.